గ్యారంటీ బాబాయి

మాఘపౌర్ణమినాడు హంసలదీవిలో సాగరసంగమ స్నానము ముగించి, వేణుగోపాలస్వామివారి దర్శనమునకై బంధుజనమంతయు తడిబట్టలు పిండుకొనుచున్న పుణ్యసమయమున, "ఏరా అబ్బాయ్, కిందటేడు కొన్నావే, ఆ చార్జింగు ఫ్యాను బిల్లు దాచావా, పారేశావా?" అని నలుగురిలో నిలదీసి అడుగగల ధీరోదాత్తుడు దివిసీమ మొత్తముమీద ఒక్కడే కలడు, ఆయన మా బాబాయి.

ఇట్టివారు ప్రతి వంశమునను ఒక్కరైనను ఉందురు గనుక పాఠకులకు ఆయన ముఖము వర్ణింప బనిలేదు. అయితే మా బాబాయి పోస్టుమాస్టరు పని చేసి రిటైరైనవారగుటచేత, జీవితమంతయు ముద్రలు కొట్టి కొట్టి, ముద్ర లేని కాగితమును, అట్టి కాగితముతో వచ్చిన వస్తువును, ఒక్కొక్కప్పుడు ఆ వస్తువును తెచ్చిన మనుష్యుని సైతము నమ్మజాలని స్థితికి వచ్చినారు. దుకాణదారుడు గ్యారంటీ కార్డుమీద తేదీ వేసి, సంతకము చేసి, ముద్ర కొట్టువరకు ఆయన సొమ్ము బల్లమీద పెట్టినను దానిపై చేయి తీయరు. నేటి యంత్రములు వేడితో అచ్చువేసి యిచ్చు నున్నని బిల్లు కొన్ని నెలలకే అక్షరములు చెరిగి తెల్లకాగితమగునని ఎచ్చటనో చదివిననాటినుండి, అవనిగడ్డలో ఏ వస్తువు కొన్నను, ఆ వస్తువును చంకనిడుకొని తిన్నగా జెరాక్సు దుకాణమునకే పోవుదురు. ఇంట ఒక ట్రంకుపెట్టె నిండ ఈ ప్రతులే. అందులో, అమ్మివేసిన మిక్సీ తాలూకు కార్డు కూడ కలదు. "కరెంటు పోయినప్పుడు ఆ కాగితాలు తగలేస్తే, మీ లైటుకంటే అవే ఎక్కువ వెలుగిస్తాయి" అని మా పిన్ని అనుచుండును.

లైటు మాట వచ్చినది గనుక చెప్పవలెను. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను కన్నులార చూచినవారు దీపమునుగూర్చి పరిహాసమాడరు. ఆనాటికి బాబాయి పసివాడు, ఆ రాత్రి చీకటినిగూర్చి ఆయన ఎన్నడును మాటలాడరు. తుఫాను హెచ్చరిక రాగానే కరెంటు పోవు ఈ సీమలో చార్జింగు లైటు విలాసవస్తువు కాదు; కాలువలకును రొయ్యలచెరువులకును నడుమ కాపురముండువారికి దోమల బ్యాటును కాదు.

కనుక బాబాయి ఒక లైటు కొన్నారు. కొని, దానిని వెలిగింపక, పాత పంచెలో చుట్టి, "తుఫానుకు" అని అటకమీద పెట్టినారు. ఐదవ నెలలో వాయుగుండము వచ్చి కరెంటు పోయి, లైటు దింపి మీట నొక్కగా అది ఒక్కమారు మినుకుమని, ఎర్రబడి, కన్ను మూసినది. చవుకరకపు లైట్లలోను దోమల బ్యాట్లలోను తరచుగా ఉండునది సీసము, ఆమ్లము గల బ్యాటరీ; దానిని చార్జి లేకుండ పడవేసినచో పలకలమీద సల్ఫేటు గట్టిపడి, ఆ మీదట ఎంత నింపినను నిలుపుకొనదు. వాడకున్నను అప్పుడప్పుడు చార్జి పెట్టుచుండవలెనని అట్టపెట్టెమీద అచ్చువేసియే యున్నది. ఆ సంగతి విన్నవించగా బాబాయి అట్టపెట్టెను ముక్కుదాక తెచ్చి చూచి, "ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాలు! ఇది చెప్పడమంటావా, దాచడమంటావా?" అన్నారు. ఈ ప్రశ్నకు నావద్ద ఇప్పటికిని సమాధానము లేదు.

దుకాణములో జరిగిన సంవాదమునకు నేనును సాక్షిని.

"బ్యాటరీకి గ్యారంటీ లేదు మాస్టారూ, లైటుకే."

"బ్యాటరీ లేని లైటును ఏం చేసుకోను, మెడలో కట్టుకోనా? కార్డుమీద ఆరు నెలలని ఉంది, బ్యాటరీకి లేదని ఎక్కడుంది? చిలకలపూడి గిల్టు గాజుకే గ్యారంటీ ఇస్తారయ్యా!"

"కంపెనీవాళ్లను అడగండి మాస్టారూ."

"సొమ్ము నీ చేతికిచ్చాను, నిన్నే అడుగుతాను."

బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అను వాక్యమును అతడు చూపుటయే తప్పైపోయినది. బాబాయి కుర్చీ లాగుకొని కూర్చుండి, 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టమును ఆరంభించినారు. లోపముగల సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో ముప్పదిదినములలోపల వాపసు తీసికొన నిరాకరించుట అనుచిత వ్యాపారమనియు, బిల్లు ఇయ్యకుండుటయు అట్టిదేయనియు, ఫిర్యాదుకు రెండేండ్ల వ్యవధి కలదనియు, ఐదులక్షలలోపు విలువకు రుసుము లేదనియు, వకీలు అక్కరలేదనియు, కొన్నవాడు తాను కాపురమున్న జిల్లాలోనే, అనగా బందరులోనే, వేయవచ్చుననియు, అంతకు ముందు 1915కు ఫోను చేయవచ్చుననియు చెప్పుచుండగా, వచ్చిన గిరాకీ వచ్చినట్లే వెనుదిరిగినది. ఆ చట్టమే, కేసును మూడు మాసములలోను, వస్తువును పరీక్షింపవలసినచో ఐదు మాసములలోను తేల్చ యత్నింపుమని కమిషనుకు చెప్పుచున్నది. ఆరు మాసముల గ్యారంటీ గల లైటుకు ఐదు మాసముల పరీక్షయా అని నాకు నవ్వు వచ్చినది గాని, బాబాయి కన్నులలో బందరు ప్రయాణపు కాంతి చూచి మింగుకొంటిని.

అతడు మారుమాటాడక కొత్త లైటు ఇచ్చివేసెను. బాబాయి ముఖము వెలవెలపోయినది. మూడు రాత్రులు మేలుకొని వ్రాసిన నోటీసు జేబులోనే మిగిలిపోయె! బస్సులకును ఆటోలకును అయిన ఖర్చు లైటు వెలకు దగ్గరపడినదని పిన్ని లెక్క కట్టి చూపినను, "డబ్బు కాదే, న్యాయం" అని నిట్టూర్చినారు.

ఈ విసుగంతయు ఒక ఎత్తు. రొయ్యలచెరువు కాపలావాని తలలైటు నెలకే వెలుగు తగ్గగా, వాడు "మన ఖర్మ" అని ఊరకుండిననాడు, వానిని వెంటబెట్టుకొని పోయి, వానితోనే అడిగించి, వేరొక లైటు ఇప్పించినవారును ఈయనయే. వాడు ఇప్పుడు బీడీకట్టకు కూడ బిల్లు అడుగుచున్నాడట.

కొత్త లైటును బాబాయి పంచెలో చుట్టి అటక ఎక్కించినారు. చార్జి పెట్టుడనిన, "కరెంటు బిల్లెవడు కడతాడు?" అందురు. కావున అవనిగడ్డ, కోడూరు వర్తకులకు నాదొక్క మనవి: ఆయన అడుగకమునుపే బిల్లు వ్రాసి ముద్ర కొట్టి యిచ్చివేయుడు, దుకాణములో రెండవ కుర్చీ మాత్రము ఉంచకుడు.