మనోధర్మం

అమెరికాలో టెనెసీ రాష్ట్రం, నాక్స్‌విల్‌లో ఏటా మార్చి నెలాఖర్లో బిగ్ ఇయర్స్ అని సంగీతోత్సవం జరుగుతుంది. 2009లో మొదలైంది. ఊరి నడిబొడ్డున పాత థియేటర్లలో, చర్చిల్లో ఒకేసారి కచేరీలు. మేముండేది ఆ ఊళ్ళోనే కనక, విజయవాడ నుంచి వచ్చిన మామయ్యగారిని తీసుకెళ్ళాను. ఆయన రేడియోలో బి-హై గ్రేడు గాత్ర విద్వాంసులు. మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి వీడియోలో పాఠం చెప్పేదీ ఆయనే. అదీ వెంట వచ్చింది.

ఆ సాయంత్రం వేదిక మీద ఇద్దరే. ఒకావిడ శాక్సొఫోన్. రెండో ఆయన గిటారుని బల్లమీద పడుకోబెట్టి, తీగల మధ్య చెంచా దూర్చి, చేతిలో బుల్లి బ్యాటరీ ఫ్యాను రెక్కల్ని వాటికి తగిలిస్తూ, మధ్యమధ్య ట్రాన్సిస్టర్ స్టేషన్లు తిప్పుతున్నాడు. (ఈ బల్లమీది గిటారు కొత్తదేం కాదు. లండన్‌లో ఏఎంఎం అనే బృందంలోని కీత్ రో 1960ల్లోనే మొదలుపెట్టాడు.) ఆవిడ చాలాసేపు గొట్టంలోకి ఊపిరి మాత్రమే ఊదింది, స్వరం పలకనివ్వలేదు. మొదటి పావుగంట ఓర్చుకుంటే చెవి దానంతటదే దారిలో పడుతుంది. నాకిలాంటివి ఇష్టం. మామయ్యగారు మాత్రం తొడమీద తాళం వెయ్యబోయి, ఎక్కడ వెయ్యాలో తెలీక చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అయ్యాక బయట మెట్ల దగ్గర గిటారాయన కనిపించాడు. "ఎన్నాళ్ళు సాధన చేశారో అడుగు" అన్నారు మామయ్యగారు.

"మేం కలిసి వాయించడం ఇదే మొదలు. ఏం వాయిస్తామో వేదిక ఎక్కేదాకా మాకూ తెలీదు" అన్నాడాయన.

మామయ్యగారు నవ్వేశారు. "ఇదో గొప్పా! మనోధర్మం మనకి తరతరాలుగా ఉందని చెప్పు. అదీ రాగం గీటు దాటకుండా, తాళం తప్పకుండా. కల్పనస్వరమంటే ఆ క్షణాన తోచిందే. ముందనుకుని పాడితే అది పాటే కాదు."

చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "కాస్త వినిపిస్తారా?"

అడగడమే తరువాయి. కల్యాణి, ఆదితాళం. మెట్లమీదే అందుకున్నారు. పొట్టి పొట్టి దళాలు కాస్తా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆవర్తాలైపోయాయి. చుట్టూ జనం మూగారు. గిటారాయన కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా ముక్తాయింపు ఎత్తుకునేసరికి చలిగాలికి దగ్గు తెర వచ్చింది. గొంతు ఆగింది, తాళం వేస్తున్న చెయ్యి ఆగలేదు.

మా అమ్మాయి అందుకుంది. ఒక్క స్వరం పొల్లుపోకుండా మూడుసార్లు తిప్పి, ఖచ్చితంగా ఎడుపుకి దించింది. ఒకటే చప్పట్లు.

గిటారాయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీ తాతగారికి ఏం తోచబోతోందో నీకెలా తెలిసిందమ్మా?"

"నోట్సులో పన్నెండో పేజీ. పోయినవారం హోంవర్కు" అని ఇంగ్లీషులో చెప్పేసి, ఇటు తిరిగి తెలుగులో అంది:

"తాతయ్యా, నువ్వు మూడో లైను వదిలేశావు."