దిగజారే భాగ్యం కూడా లేని జట్టు

మా అబ్బాయి కొండాపూర్‌లో ఫ్లాట్ కొన్నాక మేమూ ఇటొచ్చి పడ్డాం. శని, ఆదివారాలొస్తే మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కుర్రాళ్ళంతా ఫుట్‌బాల్ చూడ్డానికి టీవీ ముందు చేరతారు. ఒకడిది లివర్‌పూల్ చొక్కా, ఇంకొకడిది ఆర్సెనల్. 2025 ఏప్రిల్‌లో లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి జారిపోయినరోజు ఒక కుర్రాడు అన్నం ముట్టలేదు. వాడిది నల్లగొండ. లెస్టర్ ఎక్కడుందిరా అంటే ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాడు. మరి మన గచ్చిబౌలి జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా ఆడుతోందిరా అంటే, "అదింకా ఉందా అంకుల్?" అని నన్నే ఎదురడిగాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

ఆ ఏడాది అక్టోబర్ వచ్చేసరికి అది నిజంగానే లేకుండా పోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ బిచాణా ఎత్తేసి ఢిల్లీ వెళ్ళి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. క్లబ్‌హౌస్‌లో ఎవరూ అన్నం మానలేదు.

మా రోజుల్లో జట్టంటే ఇలా ఉండేది కాదు. నేను నిక్కర్లేసుకునే కాలానికే హైదరాబాద్ సిటీ పోలీస్ పేరు చెబితే కలకత్తా క్లబ్బులు ఉలిక్కిపడేవి. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ పట్టుకొచ్చారు. మా నాన్న ఆ ఐదేళ్ళ ముచ్చట్లూ ఎన్నిసార్లు చెప్పాడో! విని విని ఆ గోల్స్ నేనే కళ్ళారా చూసినట్టుంటుంది.

వాళ్ళ వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి బడిపంతులు. కుడికాలే వాడే పిల్లల కోసం ఎడమకాలితోనే బంతి తన్నాలనే షరతుతో పోటీలు పెట్టేవాడాయన. బలహీనమైన కాలుంటే ఆటగాడు సగం మనిషే అని ఆయన లెక్క. ఆయన శిక్షణలోనే మనదేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం కొట్టింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 ఫైనల్లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిననాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడాదే పోయాడు. ఆ జకార్తా జట్టులో మన అమ్ముగూడ బాలరాం ఉన్నాడు, మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఇప్పుడు ఆ పేర్లు చెబితే, "అజయ్ దేవగణ్ సినిమాలో చూశాం అంకుల్" అంటారు. అదైనా నయమే.

సిటీ పోలీస్ ఆటగాళ్ళకు డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం, నెల తిరిగితే జీతం. జట్టు ఓడినా జీతం ఆగేది కాదు, గెలిచినా కోట్లు రాలేవి కావు. డిపార్ట్‌మెంట్ ఎక్కడికీ పోదు కాబట్టి జట్టూ ఎక్కడికీ పోలేదు.

ఇప్పటి సంగతి చూడండి. 2019లో మన దేశపు పెద్ద లీగ్‌లో ఆడే పుణె క్లబ్ మూతబడితే దాని చోట హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మొదటి సీజన్లో అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చి కుర్రాళ్ళను సానబెట్టాడు. 2021-22లో ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. కరోనా పుణ్యమా అని లీగంతా గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బంతి తన్ని స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి ఏకంగా మూడు ఆపాడు. ఊరికి కప్పొచ్చింది, కానీ ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఊళ్ళోవాళ్ళు గచ్చిబౌలిలో చూసింది లేదు.

రెండేళ్ళు తిరిగేసరికి అంతా తలకిందులైంది. 2023-24లో జీతాలు ఆగిపోయాయి. కొత్తవాళ్ళను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. చాలామంది విదేశీ ఆటగాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు. ఆకాశ్ మిశ్రా అప్పటికే ముంబైకి వెళ్ళిపోయాడు. సీజన్ మధ్యలో యాసిర్ గోవాకు, చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి బెంగళూరుకు తరలిపోయారు. మిగిలిన పిల్లలతో నెట్టుకొచ్చి 22 మ్యాచుల్లో ఒకే ఒక్కటి, చెన్నైయిన్ మీద, గెలిచారు. మొత్తం 8 పాయింట్లు. హైటెక్ సిటీలో జీతం ఒక్కరోజు ఆలస్యమైతే హెచ్‌ఆర్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. వీళ్ళు నెలల తరబడి ఆ బకాయిలతోనే మైదానంలోకి దిగారు.

ఆ సీజన్లో ఒక మ్యాచ్‌కి మా మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆట ఏడున్నరకి. ఆఫీసులు వదిలే వేళ అది. బయోడైవర్సిటీ జంక్షన్ దాటేసరికే మొదటి సగం సగమైపోయింది. లోపల కుర్చీలే ఎక్కువ, మనుషులు తక్కువ. ఒక మూల దక్కన్ లీజియన్ అనే అభిమానుల గుంపు పిల్లలు కొందరు డప్పు కొడుతూ గొంతు చించుకుంటున్నారు. మైదానంలో మీసాలైనా సరిగా రాని కుర్రాడు ఒకడు, తనకన్నా రెండింతలున్న విదేశీ ఫార్వర్డ్‌ను ఆపబోయి పడి, లేచి, మళ్ళీ వెంటపడ్డాడు. ఆ ఒక్క పరుగు చూస్తే చాలు, ట్రాఫిక్‌లో పోయిన పెట్రోల్ గిట్టుబాటైనట్టే.

అసలు మంట ఇక్కడుంది. 2007-08లో డెర్బీ కౌంటీ ప్రీమియర్ లీగ్‌లో 38 ఆడి గెలిచింది ఒక్కటే, తెచ్చుకుంది 11 పాయింట్లు. కింది డివిజన్‌కి దిగింది. అయినా డెర్బీ క్లబ్ డెర్బీలోనే ఉంది. సండర్లాండ్ 2017లో ఒక మెట్టు, 2018లో ఇంకో మెట్టు దిగింది, నాలుగేళ్ళు మూడో డివిజన్లో మగ్గింది, 2025లో తిరిగి పైకొచ్చింది. అక్కడ దిగడం శిక్షే కావచ్చు, కానీ మళ్ళీ ఎక్కడానికి మెట్లూ ఉంటాయి, ఎక్కేదాకా కాచుకునే ఊరూ ఉంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన ఏళ్ళలో మన లీగ్‌లో కింది డివిజన్‌కి పంపే పద్ధతే ఉండేది కాదు. అట్టడుగున నిలిచినా మన జట్టు అదే లీగ్‌లో ఉండిపోయింది. 2024లో కొత్త యజమాని వచ్చాడు, మరుసటి సీజన్లో 13 జట్లలో 12వ స్థానం. ఆ తర్వాత ఢిల్లీ ప్రయాణం. లీగ్ చోటు భద్రం, పోయింది ఊరు. పెద్ద లీగ్‌లో చోటును ఊరి నుంచి ఊరికి మార్చుకునే వస్తువు చేసేశారు. పుణె నుంచి మనకొచ్చినప్పుడు మనం చప్పట్లు కొట్టాం, అదే దారిన మన దగ్గర్నుంచి వెళ్ళింది.

అందుకే క్లబ్‌హౌస్ కుర్రాళ్ళకి నా సలహా ఒకటే. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ అని ఒక క్లబ్బుంది. 2022-23లోనూ 2023-24లోనూ పెద్ద లీగ్‌కి కింది మెట్టైన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది, ఒక్క మెట్టులో పెద్ద లీగ్ తప్పింది. మీకు ఓఆర్ఆర్ దగ్గరే, కార్లూ ఉన్నాయి. లెస్టర్ ఓడిందని మీరు కొండాపూర్‌లో ఎంత ఏడ్చినా అక్కడెవడికీ వినపడదు. అజీజ్‌నగర్ గట్టు మీద కూర్చుని తిట్టండి, ఆ తిట్టు లెఫ్ట్ బ్యాక్‌కి వినపడుతుంది, తిరిగి మిమ్మల్నీ చూస్తాడు. జట్టు మనదని తెలిసేది అప్పుడే. నన్నూ తీసుకెళ్ళండి, తిట్లలో మీకన్నా నేనే నయం.