రిమోట్ డెస్క్‌టాప్ త్రికారణవాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: ఇంటనుండియే కొలువు చేయు గృహస్థుడు ఉదయమున భోజనపుబల్లపై ల్యాప్‌టాప్ తెరచి, మూలనున్న వైఫై గీతలన్నియు నిండుగా నుండుట చూచి నిశ్చింతుడై, కార్యాలయమందలి తన యంత్రమును ఇచ్చటనుండియే నడపగోరి ‘కనెక్ట్’ నొక్కగా, కొంత తడవు తిరిగి తిరిగి తుదకు తెరపై వెలయు వాక్యమే యీ వ్యాఖ్యానమునకు విషయము. 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వరుతో లోకమునకు వచ్చిన యీ విద్యను అభ్యసించినవారు కోట్లకొలదిగా నున్నను, వాక్యార్థమును విచారించినవారు అల్పులు.

మూలము: దూరమందలి కంప్యూటరుతో సంబంధము కుదరలేదు, అచ్చట అనుమతి లేకపోవచ్చును, అది ఆగిపోయి యుండవచ్చును, నెట్‌వర్కులో లభింపకపోవచ్చును.

ప్రతిపదార్థము: అనుమతి లేకపోవచ్చును = ఆ యంత్రపు సెట్టింగులలో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయబడలేదేమో; ఆగిపోయి = ఎవరైన ఆపిరేమో, లేక పనిలేక తానే నిద్రించుచున్నదేమో; నెట్‌వర్కులో = వీపీఎన్‌కు ఆవలి కొసయందు; లభింపకపోవచ్చును = ఉండియు మనకు అందకపోవచ్చును.

వ్యాఖ్య: మూలకారుడు చెప్పిన మూడు కారణములును ఆవలి గట్టునకు చెందినవే. ఈవలి గట్టున, అనగా చదువరి కూర్చున్న కుర్చీకి బారెడు దూరములో, దోషముండవచ్చునని సూచనయైన చేయకపోవుట మర్యాదచేతనే కావచ్చును గాని, దానివలన చదువరి కార్యాలయమును నిందించుచు పూటంతయు గడపుచున్నాడు.

ఈవలి దోషములలో మిక్కిలి గూఢమైనది చిరునామాల సాంకర్యము. 192.168తో మొదలగు అంకెలను ఎవరి నెట్‌వర్కులో వారు స్వేచ్ఛగా వాడుకొనవచ్చునని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనుమతింపగా, ఇంటి రౌటరును, కార్యాలయమును 192.168.1 అను ఒకే వరుసను పట్టినచో, 192.168.1.20 కావలెనని మన మడిగినపుడు ల్యాప్‌టాప్ అది యీ యింటిలోనిదే యని తలచి, వీపీఎన్ సొరంగమున కాలుపెట్టక, ఇంటిలోని టీవీనో ప్రింటరునో వెదకికొని వచ్చును. ఊరిపేరు వ్రాయక ‘రామాలయము వీధి, 20వ నంబరు’ అని వ్రాసిన జాబు మన ఊరి రామాలయము వీధికే చేరుట వంటిది. ఫోను హాట్‌స్పాట్‌తో కలిపిన క్షణమున పని కుదిరి, ఇంటి వైఫైతో కుదరనిచో ఈ దోషమును శంకింపవలెను. ఇంటి రౌటరు వరుసను మార్చుట దీనికి చికిత్స.

రెండవది, వీపీఎన్ గడప దాటకుండుట. ఆ గడపవద్ద అడుగబడు ఫోనులోని ఆరంకెల సంకేతము సాధారణముగా 30 సెకండ్లకొకమారు మారును గాన, ఫోను గడియారమును చేతితో దిద్ది తప్పు కాలమున నుంచినవానికి ఎంత శ్రద్ధతో కొట్టినను అంకెలు చెల్లవు. మరియు, కార్యాలయమున పాస్‌వర్డు మార్చుకొని వచ్చినవాని ల్యాప్‌టాప్, దాచియుంచిన పాతదానినే మరల మరల పంపి, తుదకు ఖాతాకే తాళము వేయించుట కలదు.

పూర్వపక్షము: రౌటరును ఆపి మరల వేసిన చాలదా యని కొందరందురు. 

సమాధానము: రౌటరు తానే తికమకపడిన వేళ చాలును, కాని చిరునామా వరుస మారదు, పాత పాస్‌వర్డు కొత్తది కాదు. కావున అది ఉపశమనమే గాని నిదానము గాదు.

తాత్పర్యము: మొదట ఇంటర్నెట్ నిజముగా వచ్చుచున్నదా, పిదప వీపీఎన్ కలిసినదా, ఆపై యంత్రము పేరుతో పలుకనిది అంకెల చిరునామాతో పలుకుచున్నదా యని క్రమముగా చూడవలెను. అంకెలకు పలికినచో దోషము పేరును అంకెలుగా మార్చు డీఎన్‌ఎస్‌ది. వీనిలో ఎచ్చట ఆగెనో గుర్తించి, తెరపై వాక్యమును యథాతథముగా చదివి వినిపించినవానికి ఐటీ విభాగమువారు త్వరగా తోవ చూపగలరు. ‘ఏమియు పనిచేయుటలేదు’ అన్నవానికి చూపలేరు. కార్యాలయము విడుచునపుడు అలవాటుగా షట్‌డౌన్ చేసి వచ్చినవారికి మాత్రము, అచ్చట యంత్రమును నెట్‌వర్కుద్వారా మేల్కొలుపు వేక్ ఆన్ లాన్ ఏర్పాటు లేనిచో, ఈ టీక యేమియు నుపకరింపదు: ఎవరో యొకరు పోయి మీట నొక్కవలసినదే.