లింకులాయన

మాదాపూర్ గానీ గచ్చిబౌలి గానీ, ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకైనా వెళ్ళి చూడండి, ఏసీ గాలి సూటిగా తగిలే మూల సీట్లో ఇలాంటాయన ఒకరుంటారు. నల్లటి స్క్రీను, ఆకుపచ్చ అక్షరాలు, దుమ్ము పట్టిన మౌసు. హెచ్‌ఆర్ రికార్డుల్లో ఏ పేరున్నా ఫ్లోర్లో అందరికీ ఆయన లింకులాయనే.

ఏ ఫోల్డరూ ఉన్నచోట ఉండటం ఆయనకు గిట్టదు. కోడు ఒక డిస్కులో, లైబ్రరీలు మరో డిస్కులో, సెట్టింగులు ఇంకెక్కడో పెట్టి, అన్నీ తన హోమ్ ఫోల్డర్లోనే ఉన్నట్టు కనబడేలా ఎల్‌ఎన్ మైనస్ ఎస్ కొట్టుకుంటూ పోతారు. ఆ కమాండుతో పుట్టేదే సింబాలిక్ లింకు. ఇల్లు మారినవాళ్ళు ‘ఫలానా వీధికి వెళ్ళాం’ అని పాత తలుపుకు అంటించే కాగితం లాంటిది. 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు వచ్చింది. అవసరమైనచోట వాడుకొమ్మని ఇచ్చారు. ఈయన కాగితం మీద కాగితం అంటిస్తారు.

అక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా విమ్ అనే ఎడిటర్ తెరిచాక మొదలవుతుంది.

కర్సర్ని ఒక ఫంక్షన్ పేరు మీద పెట్టి కంట్రోల్, కుడి బ్రాకెట్ నొక్కుతారు. ఆ ఫంక్షన్ రాసిన చోటికి విమ్ ఎగిరి దూకాలి. దూకదు. కింద ఎర్రటి గీతలో ఈ429 అని పడుతుంది: ఆ ఫైలు లేదు. లింకులాయన ముఖం వెలిగిపోతుంది. కుర్చీ ముందుకు జరుపుకుంటారు. చల్లారిన టీని పక్కకు తోస్తారు. ఈ పూట స్టాండప్ మీటింగుకు ఆయన రారని మాకు అర్థమైపోతుంది.

జరిగిందేమిటంటే, ఏ పేరు ఏ ఫైల్లో ఉందో సీట్యాగ్స్ అనే ప్రోగ్రాము ‘ట్యాగ్స్’ అన్న ఫైల్లో జాబితాగా రాసిపెడుతుంది. రాసేటప్పుడు దారి మొత్తం రాయలేదు. ట్యాగ్స్ ఫైలు ఉన్నచోటి నుంచి ఎటు వెళ్ళాలో అంతే రాసింది. ఈయన ఆ ఒక్క ట్యాగ్స్ ఫైలునీ భద్రంగా ఒకచోట దాచి, ప్రతి ప్రాజెక్టులోకీ దానికో లింకు లాగారు. విమ్ పాపం లింకు ఉన్నచోటే ట్యాగ్స్ ఉందనుకుని అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి గోడకు గుద్దుకుంది. సీట్యాగ్స్‌కి పూర్తి దారి ఇచ్చి మళ్ళీ నడిపితే చాలు, ఐదు నిమిషాల పని. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఐదు నిమిషాల్లో అయిపోయే పని మీద ఆయనకు మొదట్నుంచీ గౌరవం లేదు.

“అన్నా, కోడంతా ఒకే ఫోల్డర్లో పెట్టేసుకోవచ్చుగా?” అని కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడొకసారి.

“కాపీ చెయ్యమంటావా?” అన్నారాయన, గొంతు బాగా తగ్గించి, చుట్టుపక్కల ఆడపిల్లలున్నారన్నట్టు చూస్తూ.

ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనం బెల్లయ్యేదాకా షెల్లు లీలలు చూపించారు. లింకు గుండా ఫోల్డర్లోకి వెళ్ళి సీడీ డాట్ డాట్ కొడితే, వచ్చిన దారినే వెనక్కి తీసుకొస్తుంది. అక్కడే నిలబడి ఎల్‌ఎస్ డాట్ డాట్ కొడితే, అసలు ఫోల్డరు తాలూకు పైఫోల్డరు చూపిస్తుంది. రెండూ ఒకే డాట్ డాట్, రెండూ వేరువేరు ఊళ్ళు. కుర్రాడు నోరు తెరిచాడు. లింకులాయనకు ఆ పూటకి అదే జీతం. రెండు లింకులు ఒకదాన్నొకటి చూపించుకుంటే లినక్స్ 40 గెంతులు గెంతి చేతులెత్తేస్తుందని కూడా చెప్పారు. అలా ఎవరు కట్టి చూస్తారో మాకు చెప్పనక్కర్లేదు.

ఎదుటి వరుసలో ఒక ఈమాక్స్ భక్తుడున్నాడు. గిట్‌లో ఉన్న ఫైలుకు వేసిన లింకును తెరిస్తే, అసలు ఫైలుకు వెళ్ళమంటావా అని ఈమాక్స్ మర్యాదగా అడుగుతుంది. “ఎడిటరన్నాక అడగడమేమిటండీ, వెళ్ళాలి గానీ,” అని లింకులాయన విసుక్కునేవారు. అయితే సేవ్ చెయ్యని ఫైలుకు తాళం వెయ్యడానికి ఈమాక్స్ కూడా ఒక సింబాలిక్ లింకే పుట్టిస్తుందని, అందులో ఎవరు ఏ మెషీన్లో తెరిచారో రాసుంటుంది తప్ప అది ఏ ఫైలుకూ దారి చూపదని తెలిసిన రోజున, లేచెళ్ళి ఆ భక్తుడికి షేక్‌హ్యాండిచ్చి వచ్చారు. ఎక్కడికీ తీసుకెళ్ళని లింకు! అంతటి స్వచ్ఛతను ఆయన ఊహించలేదు.

ఇంతా చెప్పి ఆయన మంచితనం చెప్పకపోతే అన్యాయం. వీఎస్ కోడ్‌లో ఒకమ్మాయి పెట్టిన బ్రేక్‌పాయింటు దగ్గర ప్రోగ్రాము ఆగనంటోంది. ఎర్రగా నిండాల్సిన చుక్క బోలుగా, బూడిదరంగులో ఉండిపోయింది. ముగ్గురు సీనియర్లు చూసి ఎక్స్‌టెన్షన్లు తీసేశారు, మళ్ళీ పెట్టారు. లింకులాయన దూరం నుంచే “ఏమ్మా, రియల్‌పాత్ కొట్టావా?” అన్నారు. కొట్టింది. ఆమె ఫైలు తెరిచింది లింకు దారిలో, ప్రోగ్రామును నోడ్ నడుపుతున్నది అసలు దారిలో. రెండు పేర్లున్న ఒకే ఫైలని డీబగ్గరుకు తెలియలేదు. అసలు ఫోల్డరునే తెరిచి మళ్ళీ చుక్క పెడితే ఎర్రబడింది. ఆ ఫోల్డర్ని లింకు చేసింది ఎవరో ఆ అమ్మాయి అడగలేదు, మేమూ చెప్పలేదు.

మొన్న శ్రావణంలో ఆయన బావమరిది పెళ్ళికి తణుకు వెళ్ళారు. అదే వారంలో సిస్టమ్స్ వాళ్ళు పాత డిస్కు తీసేసి, హోమ్ ఫోల్డర్లన్నీ కొత్త సర్వరుకు మార్చారు. సోమవారం పొద్దున ఎవరి బిల్డూ నడవలేదు. ఎల్‌ఎస్ కొడితే వరసలకు వరసలు ఎర్రగా. మేమంతా వాడుకునే లైబ్రరీలు, కాన్ఫిగ్‌లు, చివరికి టెస్టు డేటా, ఒక్కొక్కటీ పట్టుకుని పోతే అన్నీ ఆయన పాత హోమ్ ఫోల్డరు గుమ్మం దగ్గరే ఆగాయి.

మేనేజరు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. వెనకాల సన్నాయి మోగుతోంది.

“లింకులన్నీ తెగిపోయాయండీ,” అన్నారు మేనేజరు.

“లింకులు తెగవు సార్. అవి చూపించాల్సిన చోటే చూపిస్తున్నాయి. అక్కడ ఫైలు లేకపోతే వాటిదా తప్పు?”

“సరే, ఇప్పుడేం చెయ్యమంటారు?”

సన్నాయి పక్కకు జరిగినట్టనిపించింది. ఆయన గొంతులో ఉత్సాహం మాత్రం దగ్గరికొచ్చింది.

“పాత ఫోల్డరు ఉన్నచోట, కొత్తదానికి ఒక్క లింకు పెట్టెయ్యండి.”

పెట్టాం. బిల్డు నడిచింది.