చెంపరంగు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

పుట్టినరోజు పార్టీలకు, అపార్ట్‌మెంట్ల దసరా సంబరాలకు, స్కూలు వార్షికోత్సవాలకు పిలిపించుకుని పిల్లల ముఖాల మీద పులులను, సీతాకోకచిలుకలను, స్పైడర్‌మ్యాన్లను దింపించే ఆచారం మన నగరాల్లో బాగా స్థిరపడింది. ఆ వృత్తిలోకి కొత్తగా దిగినవారు బ్రష్ పట్టడం రాకముందే ‘ఏ రంగుల పెట్టె కొనమంటారు?’ అని అడుగుతారు. దుకాణంవాడు ఇరవైనాలుగు రంగుల పెట్టె తీసి చూపిస్తాడు. వాళ్ళు కొనేస్తారు. ఈ అనర్థాన్ని నివారించే నిమిత్తం కింది తేటగీతి పుట్టింది. మూలకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే కావడం వల్ల ‘ఇచ్చట కవి హృదయం ఇదై ఉండవచ్చు’ అనే నసుగుళ్ళు ఇందులో కనిపించవు. కవిని పొగడటానికి వ్యాఖ్యాతకు మొహమాటమూ లేదు.

మూలం

తెలుపు రెండును నలుపొండు తెచ్చి పెట్టి
యెరుపు పసుపును నీలము నేరి కూర్చి
చీటి చదువక కొనరాదు చెంప రంగు
గోడ వంటిది కాదోయి కుర్ర బుగ్గ

ప్రతిపదార్థం

తెలుపు రెండును = తెల్లరంగు బిళ్ళలు రెండింటిని; నలుపు + ఒండు = నల్లరంగు బిళ్ళ ఒకదానిని; తెచ్చి పెట్టి = కొనితెచ్చి పెట్టెలో అమర్చి; ఎరుపు, పసుపును, నీలమున్ = ఆ పేర్లు గల రంగులను; ఏరి కూర్చి = అంగట్లో ఉన్నవాటిలోంచి ఎంచి పక్కపక్కన చేర్చి; (అంతియే కాక) చీటి చదువక = డబ్బా మీది లేబుల్‌ను కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదవకుండా; చెంప రంగు = ముఖానికి వేసే రంగును; కొనరాదు = ఎంత చవకగా వచ్చినా కొనకూడదు; (ఏలయన) కుర్ర బుగ్గ = పసిపిల్లల చెక్కిలి; గోడ వంటిది = డిస్టెంపర్ కొట్టినా పడి ఉండే గోడను పోలినది; కాదు + ఓయి = కాదయ్యా.

తాత్పర్యం

ముఖాలకు బొమ్మలు వేసి బతకదలచిన ఓయీ! తెలుపు రెండు, నలుపు ఒకటి, పైన మూడు మూలరంగులు చాలు. అయితే అవి చర్మానికి పనికివచ్చేవో కావో లేబుల్ చూసి తేల్చుకో. చెడితే మళ్ళీ వెల్ల వేసుకోవడానికి అది గోడ కాదు అని భావము.

విశేషాంశాలు

‘తెలుపు రెండును’: ఈ పద్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. పన్నెండు రంగుల పెట్టెలో పన్నెండు బిళ్ళలూ ఒకే సైజులో ఉంటాయి. తయారుచేసినవాడికి రంగులన్నీ సమానమే. పని మొదలుపెట్టాక వాటి మధ్య సమానత్వం మొదటి పార్టీతోనే పోతుంది. పులిని వేసే విధానం చూడండి. స్పాంజిని నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, పసుపు ఎక్కించి ముఖం నడుమ నుంచి అంచులకు అద్దుకుంటూ పోతారు. కనుబొమల పైన, మూతి చుట్టూ తెలుపు అద్దుతారు. అది ఆరాక సన్నబ్రష్‌తో నల్లచారలు. బ్రష్ మొన ఆనించి, కాస్త నొక్కి, లాగుతూ లాగుతూ పైకెత్తేస్తే చార మొదట్లో లావుగా, కొసన వెంట్రుకంత సన్నగా వస్తుంది. చివరికి నలుపు పక్కనే తెల్లమీసాలు, కంటికొసన రెండు తెల్లచుక్కలు. ఆ చుక్కలు పడ్డాకే పులికి ప్రాణం వస్తుంది. పిల్లవాడు అద్దంలో చూసుకుని గాండ్రించేదీ అప్పుడే.

అంటే ఒకే ముఖం మీద తెలుపుకు రెండు ఉద్యోగాలు. మొదటి తెలుపు వెన్నలా పరుచుకోవాలి. రెండో తెలుపు ఆరిన నలుపు మీద నిలబడాలి, కింది నలుపును కరిగించి తనలో కలుపుకోకూడదు. ఈ రెండు గుణాలు ఒక్క బిళ్ళలో దొరకడం అరుదు. నీళ్ళతో కరిగే ముఖపు రంగుల్లో స్థూలంగా రెండు జాతులు ఉన్నాయి. గ్లిజరిన్ పాలు ఎక్కువగా ఉండేవి ఒక జాతి: బెర్లిన్‌లో పుట్టిన క్రయోలాన్ వారి ఆక్వాకలర్, న్యూయార్క్‌లో 1927 నుంచి ఉన్న మెహ్రాన్ వారి ప్యారడైజ్, ఇంగ్లండు స్నాజరూ ఈ కోవలోవి. ఇవి స్పాంజితో నున్నగా పరుచుకుంటాయి, ఒక రంగులో మరో రంగు చక్కగా కలుస్తుంది. తడి తగిలితే మళ్ళీ అంతే చక్కగా కదులుతాయి కూడా. మైనం పాలు ఎక్కువగా ఉండేవి రెండో జాతి: వుల్ఫ్, డైమండ్ ఎఫ్‌ఎక్స్ వంటివి. వీటికి నీళ్ళు తక్కువ చాలు, గీత పదునుగా వస్తుంది, ఆరాక అంత తేలిగ్గా కదలదు. కనుక పరచడానికి గ్లిజరిన్ తెలుపు ఒకటి, గీయడానికి మైనపు తెలుపు ఒకటి అని ‘రెండును’ అన్నారు కవి. సూక్ష్మం ఎంత చక్కగా పట్టుకున్నారో గమనించండి.

ఒకే జాతివి రెండు కొన్నా తప్పులేదు. ఒకటి మురికిదని, ఒకటి మడిదని విడదీసుకుంటే సరి. పదో పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి నలుపు అంటిన బ్రష్ తెలుపులో పడక మానదు. అక్కడి నుంచి ఆ బిళ్ళ బూడిదరంగుదే.

‘నలుపొండు’: ఆక్షేపణ: అన్ని బొమ్మలకూ గీతలు నలుపే కదా, అది మాత్రం ఒక్కటి సరిపోతుందా? సమాధానం: నలుపు కొంచెం వేసినా చాలా కనిపిస్తుంది. సన్నగీతలకు ఖర్చయ్యేది తక్కువ. ఒకటే కొనండి, కానీ పెద్దది కొనండి. మిగతా రంగులు చిన్న బిళ్ళలు తీసుకుని నలుపు 45 గ్రాములదో అంతకు పెద్దదో తీసుకోవడం పనివాళ్ళ పద్ధతి.

‘యెరుపు పసుపును నీలము నేరి కూర్చి’: ‘ఏరి’ అనడం వల్ల కళ్ళకు నచ్చిందల్లా కొనకూడదని ధ్వని. పెట్టె తెరవగానే మనసు లాగేవి లేత గులాబీ, లేత ఊదా, పాలనీలం. తెల్లచర్మం మీద అవి అందంగానే ఉంటాయి. మన చామనఛాయ మీద వేస్తే కనిపించవు, కనిపించినా బూడిద పూసినట్లుంటుంది. మన ముఖాలకు ముదురు రంగులు, కింది చర్మాన్ని పూర్తిగా కప్పే రంగులు కావాలి. బంగారు రంగు, ముత్యపు మెరుపు రంగులు చామనఛాయ మీద వెలిగినంతగా తెల్లచర్మం మీద వెలగవు. ఈ విషయంలో మాత్రం మనదే పైచేయి. నీలంతో ఒక చిక్కుంది. కొన్ని నీలాలు, ఆకుపచ్చలు చర్మానికి మరకపట్టి కడిగినా లేతగా మిగిలిపోతాయి. కొన్న రోజే మోచేతి మీద రాసి కడిగి చూసుకోవాలి. సోమవారం స్కూల్లో టీచర్ ‘ఏమిటీ నీలిబుగ్గలు?’ అని అడిగితే తల్లి ఫోన్ చేసేది మీకే.

‘చీటి చదువక కొనరాదు’: ఇక్కడ చీటి అనగా శాస్త్రమే. శాస్త్రంలో సూత్రాలకు సంఖ్యలు ఉన్నట్లే రంగుల్లోనూ ఉన్నాయి. సీఐ (కలర్ ఇండెక్స్) అని రెండక్షరాలు, పక్కన ఐదంకెలు. 77891 అంటే టైటానియం డయాక్సైడ్, అదే తెలుపు. 77499 నల్ల ఐరన్ ఆక్సైడ్, 77491 ఎర్రది, 77492 పసుపుది. 77007 అల్ట్రామెరీన్ నీలం. 19140 టార్ట్రజైన్, మిఠాయిల్లో కనిపించే పసుపు. ఈ సంఖ్యలున్న డబ్బా తన లోపల ఏముందో చెప్పుకుంటున్నట్లు. ‘12 కలర్స్, బెస్ట్ క్వాలిటీ’ అని మాత్రమే ఉంటే అది మౌనవ్రతంలో ఉన్నట్లు. అట్టి డబ్బాను మౌనంగానే అరలో పెట్టేయాలి.

మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, లోపలి పదార్థాల జాబితా ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు కూడా ఉండాలి. వాడదగిన రంగుల జాబితా భారతీయ ప్రమాణం ఐఎస్ 4707 మొదటి భాగంలో ఉంది. కాస్మెటిక్‌లో వాడే రంగుల్లో పది లక్షల పాళ్ళకు ఆర్సెనిక్ 2, సీసం 20 మించకూడదని పరిమితి. ఇదేదో చాదస్తమనుకునేవారికి ఒక్క ఉదాహరణ. వెనుకటి వీధి భాగవతుల్లో ముఖానికి పూసుకున్న పచ్చటి అరదళం సాక్షాత్తు ఆర్సెనిక్ సల్ఫైడే. రాత్రంతా కాగడాల వెలుగులో వాళ్ళు పద్యాలు పాడింది ఆ పూత కింద నుంచే.

పూర్వపక్షం: ‘డబ్బా మీద నాన్ టాక్సిక్ అని రాసి ఉంది కదా, చాలదా?’ సిద్ధాంతం: చాలదు. స్కూలు పోస్టర్ కలర్ల మీద, యాక్రిలిక్ ట్యూబుల మీద ఆ మాట కాగితాన్ని, కాన్వాసును దృష్టిలో పెట్టుకుని వేసింది. పిల్లవాడి చర్మం మీద మూడు గంటలు ఆరనివ్వడానికి అది అనుమతి కాదు. యాక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరగా బిగుస్తుంది. తీసేటప్పుడు సన్నవెంట్రుకలను వెంట తెచ్చుకుంటుంది.

మెరుపుపొడికి కూడా ఇదే న్యాయం. గ్రీటింగ్ కార్డుల మీద చల్లే పొడి అంచులు గరుకు, కంట్లో పడితే గీరుతుంది. ముఖానికి కాస్మెటిక్ గ్లిటర్ అనే వేరే సరుకుంది, రేణువు దాదాపు 0.2 మిల్లీమీటర్లు. నియాన్ రంగుల మాటకొస్తే, అమెరికా ఎఫ్‌డీఏ కాస్మెటిక్స్‌లో కొన్ని ఫ్లోరోసెంట్ రంగులను అనుమతించినా కంటి చుట్టూ వాడటానికి ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. పార్టీలో పిల్లలు అడిగేది ముఖ్యంగా కళ్ళ చుట్టూ నియాన్ ముసుగే. ‘కంటికి దూరంగా చెంప మీద వేస్తాను నాన్నా’ అని బేరమాడటం కూడా ఈ వృత్తిలో భాగం. ఇక పక్క స్టాల్‌లో అప్పటికప్పుడు నల్లగా పండే మెహందీ పెడుతుంటే అందులో జుట్టురంగుల్లో వాడే పీపీడీ ఉండవచ్చు. అది చర్మం మీద బొబ్బలు తేగలదు. మీ రంగులకు సంబంధం లేకపోయినా నింద ఇద్దరికీ సమానంగా పంచబడుతుంది.

‘గోడ వంటిది కాదోయి’: ఒకప్పుడు పులివేషగాళ్ళు దసరాకో, పీర్ల పండుగకో ఒంటినిండా పెయింటు కొట్టించుకుని, పండుగ దాటాక కిరోసిన్‌తో రుద్ది వదిలించుకున్న కథలు ఇంకా చెప్పుకుంటారు. ఆ శరీరాలు వాళ్ళవి, ఆ తెగువ వాళ్ళది. ఐదేళ్ళ పిల్లకు ఆ తెగువ అంటగట్టకూడదనే కవి ‘ఓయి’ అని కాస్త గద్దించారు.

‘కుర్ర బుగ్గ’: నాలుగో పాదంలో ‘గో’కు యతి కుదరడానికే ‘కుర్ర’ పడిందని ఛాందసులు కొందరు నవ్వుతారు. అందుకే పడింది. అర్థానికి అడ్డం రాలేదు గనుక ఉండనిచ్చాం. మూడేళ్ళ లోపు పిల్లల ముఖానికి రంగు వేయని ఆర్టిస్టులు చాలామంది. చేతి మీద చిన్న పువ్వు వేసి పంపేస్తారు. స్పాంజి ఒక పిల్లకు వాడింది మరో పిల్లకు వాడరు. సంచిలో ముప్ఫై స్పాంజులు పట్టుకెళ్ళి ముప్ఫై మురికివి తెచ్చుకోవడమే లెక్క. జలుబుతో ముక్కు కారుతున్నా, కన్ను ఎర్రబడ్డా, చెంప మీద పుండున్నా ‘ఇవాళ చేతికే’ అని చెప్పేయాలి. అమ్మానాన్నలు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వాలి.

దేశకాల భేదం: హైదరాబాద్ పొడి ఎండలో హాయిగా ఆరే గ్లిజరిన్ రంగు విశాఖ తీరాన జిగటగా ఉండిపోతుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చెమట తగిలితే మళ్ళీ కరుగుతుంది. అక్కడివాళ్ళు రెండో జాతి వైపు మొగ్గడంలో తప్పులేదు. ఏ ఊరైనా సరే, పని కాగానే పెట్టె మూత వేసేసి కారు డిక్కీలో పడేస్తే నాలుగు రోజులకు బిళ్ళల మీద బూజు పూస్తుంది. ఫ్యాన్ కింద తెరిచిపెట్టి, పూర్తిగా ఆరాకే మూత వేయాలి.

అనుక్తవిచారం

పూర్వపక్షం: పద్యంలో ఆకుపచ్చ లేదేమి? హల్క్‌ను ఎలా వేయాలి?

సమాధానం: మూలరంగులు మూడు చెప్పారు గనుక వాటి వల్ల పుట్టే ఆకుపచ్చ ఉపలక్షణంగా చెప్పినట్లే. పసుపు, నీలం కలుపుకోవలసింది.

పునఃపూర్వపక్షం: ముప్ఫై మంది పిల్లలు వరుసలో నిలబడి ఒకరినొకరు తోసుకుంటుంటే, ఒక్కో ముఖానికి నాలుగైదు నిమిషాలే చేతిలో ఉంటే, స్పాంజి మీద రంగులు కలుపుతూ కూర్చోవాలా? కలిపిన ప్రతిసారీ ఒక్కో ఆకుపచ్చ వస్తుంది. ఎడమచెంప మామిడాకు, కుడిచెంప గోంగూర. పైగా ఇంద్రధనుస్సు బిళ్ళ గురించి కవి ఒక్క మాటా అనలేదు. ఆరేడు రంగులు పక్కపక్కన చారలుగా పోసిన బిళ్ళ అది. అంగుళం వెడల్పు బ్రష్‌ను దాని మీద రెండుసార్లు ఆడించి, చెంప మీద ఒక్కసారి వంచి లాగితే సీతాకోకచిలుక రెక్క తయారు. సగం వరుస అడిగేది సీతాకోకచిలుకనే.

సమాధానం: ఆకుపచ్చ బిళ్ళ ఒకటి, ఇంద్రధనుస్సు బిళ్ళ ఒకటి విడిగా కొనుక్కోవచ్చు. తేటగీతిలో పాదానికి ఐదు గణాలే. పెట్టెలో ఇంకా రెండు గళ్ళు ఖాళీ ఉన్నాయి.