టోపీకి తగిన తల

లోకంలో ఎవరైనా ముందు కారు కొంటారు, తర్వాత చక్రాల సంగతి చూస్తారు, చేతిలో ఇంకా డబ్బులాడుతుంటే వీల్ కప్పుల జోలికి పోతారు. మా ఇంట్లో వరస తిరగబడింది. నా పాత ఫియట్‌కి పుట్టినప్పటి క్రోమియం కప్పులు నాలుగూ భద్రంగా ఉన్నాయి. అవి తొడగడానికి చక్రాలే లేవు.

1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చి, డెబ్భైల్లో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న వంశం దీనిది. పాత యజమాని ఈ ముసలిదానికి పడుచుదనం తెప్పిద్దామని అల్లాయ్ వీల్స్ బిగించి, అసలు ఇనప డిస్కుల్ని కిలోల లెక్కన తూకానికి వేసేశాడు. కప్పులు మాత్రం తళతళలాడుతున్నాయని అటకెక్కించాడు. బండి అమ్మేటప్పుడు వాటిని పాత లుంగీలో చుట్టి, ఆడపిల్లకి సారె పెట్టినంత శ్రద్ధగా నా చేతిలో పెట్టాడు.

కప్పుతో పనేమిటని మాత్రం అడక్కండి. నట్ల మీద దుమ్ము పడనివ్వదు, అంతే. అది లేకపోయినా బండి నడుస్తుంది. మా ఆవిడైతే వాటిలో అప్పడాలు పెట్టుకోవచ్చంది. కానీ కప్పుల్లేని పాత ఫియట్‌ని చూస్తే నాకు ముద్ద దిగదు.

ఇనప డిస్కు మీద చిన్న బుడిపెలో, స్ప్రింగు పట్టీలో ఉంటాయి. కప్పు అంచుని ఒకవైపు వాటికి ఆనించి, రెండోవైపు అరచేత్తో ఒక్కటిస్తే 'టక్'మని కూర్చుంటుంది. అల్లాయ్ వీల్‌కి ఆ బుడిపెలుండవు. జిగురు పూసి అంటిద్దామన్నాడు పంచరు షాపు కుర్రాడు. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసినవాణ్ని కనక నమస్కారం పెట్టి వచ్చేశాను.

రాణీగంజ్‌లో ఒక కొట్టాయన నా చేతిలో కప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, చక్రం ఉండి కప్పు అడిగేటోళ్లని మస్తు మందిని చూసిన. కప్పు పట్టుకొచ్చి చక్రం అడిగేటోణ్ని మిమ్మల్నే చూస్తున్న," అన్నాడు. మర్యాదస్తుడు, చాయ్ కూడా తెప్పించాడు.

అంబాసిడర్ చక్రం 15 అంగుళాలు, మారుతి 800ది 12. నాది 14. ఆ సైజు ఈనాటి బళ్లకీ బోలెడుంది కదా అంటారు. ఉంది. కానీ బోల్టు రంధ్రాలు కలవాలి. నాలుగు బోల్టుల చక్రానికి ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం కొలిస్తే చాలు, పీసీడీ అంటారే, అదే. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా నట్టు వంకరగా బిగుస్తుంది, దాన్ని నమ్ముకుని హైవే ఎక్కలేం. అది కలిస్తే చక్రం మరీ లోపలికో బయటికో వెళ్లి టైరు మడ్‌గార్డుని గీకుతుంది. అదీ ఇదీ కలిసిందనుకుంటే బుడిపెలుండవు, ఎందుకంటే ఇప్పటి ప్లాస్టిక్ కవర్లు రిమ్ము అంచుని పట్టుకుని బతుకుతాయి.

చెన్నై పుదుపేట పాతసామాన్ల వీధిలో దొరకనిది లేదంటారు. నాకు అక్కడ ఇంకో జత కప్పులు దొరికాయి! కొనకుండా ఉండలేకపోయాను. ముంబైలోనైనా దొరక్కపోతాయా అనుకుంటే, ఇరవై ఏళ్ల గడువు నిండి 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. వాటి డిస్కులు ఇప్పటికి ఏ ఇంటి కిటికీ చువ్వలయ్యాయో!

కాబట్టి చదివే మహానుభావులారా, మీ పెరట్లో, కోళ్లగూటి మీద, బట్టలారేసే కర్ర మొదట్లో పాత ఫియట్ డిస్కు ఉందేమో ఒక్కసారి చూడండి. మధ్యలో చెయ్యి పెట్టి తడమండి. బుడిపెలు తగిలితే నాకు కబురు పెట్టండి. తుప్పుకి వెరవను, శాండ్ బ్లాస్టింగ్ చేయించుకుంటాను. బదులుగా నా అల్లాయ్ వీల్స్ ఇచ్చేస్తాను. నాలుగు చాలు, స్టెప్నీకి కప్పు అక్కర్లేదు.