శిరస్త్రాణద్వయ ముసాయిదా: టీకా తాత్పర్య సహితం

అవతారిక

2025 జూన్ నెలలో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖవారు భారత రాజపత్రంలో ఒక ముసాయిదా ప్రకటించారు. కొత్త మోటారుసైకిలో స్కూటరో కొన్నవారికి తయారీదారు ఇకమీద రెండు హెల్మెట్లు ఇవ్వాలన్నది అందులో ఒక నియమం. ఏబీఎస్ బ్రేకుల సంగతి కూడా ఉంది గాని దాన్ని ఇంజనీర్ల వ్యాఖ్యానానికి వదిలేస్తున్నాం. పత్రికలు ఈ వార్తను ఒక్క శీర్షికతో తేల్చేశాయి. మూలం తెరిచి చూసినవాళ్లు తక్కువ. తెరిచాక రెండో పంక్తి దాటినవాళ్లు ఇంకా తక్కువ.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మన మెదక్ సీమ కొల్చారంవాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అదే ఒట్టుతో రాజపత్రానికి పూనుకోవడంలో ఒక చిక్కుంది: ఇక్కడ అక్కర్లేనిదంతా మూలంలోనే ఉంటుంది. అయినా పూనుకోక తప్పదు. కుమారసంభవం అర్థం కాకపోతే పోయేది రసానుభూతి మాత్రమే. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షను అర్థం కాకపోతే వెయ్యి రూపాయల జరిమానా, పైగా మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత. కనుక ఈ వ్యాఖ్యకు ‘చలానాభంజని’ అని పేరు పెట్టడమైనది.

మూలము

కేంద్ర ప్రభుత్వ ముసాయిదాలన్నిటికీ పీఠిక దాదాపు ఒకటే. తెలుగు చేస్తే ఇలా ఉంటుంది:

ఫలానా చట్టములోని ఫలానా సెక్షను ప్రసాదించిన అధికారములను వినియోగించుచు కేంద్ర ప్రభుత్వము చేయదలచిన ఈ దిగువ నియమముల ముసాయిదా, సదరు చట్టము కోరిన ప్రకారము, దీనివలన ప్రభావితులు కాగల సమస్త జనుల ఎరుక కొరకు ఇందుమూలముగా ప్రచురింపబడుచున్నది; మరియు రాజపత్ర ప్రతులు ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన తేదీ మొదలు ముప్పది దినములు గడచిన పిమ్మట సదరు ముసాయిదా పరిశీలనకు తీసికొనబడునని ఇందుమూలముగా నోటీసు ఇవ్వడమైనది.

అన్వయము

ఇది ఏకవాక్యం. ఊపిరి బిగబట్టి చదవదగినది. ఇలాంటి వాక్యాన్ని మొదటినుంచి చదవకూడదు. మొదట తారీఖు వెతకాలి, తరువాత చిరునామా, ఆపైన నియమం. అధికారం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ముందుభాగం చిట్టచివర చూసుకోవచ్చు. అది మనకోసం రాసింది కాదు, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే న్యాయమూర్తికి చూపించడానికి రాసుకున్నది.

ప్రతిపదార్థము

అసాధారణ = రాజపత్రం నెత్తిన ఉండే మాట. వారానికోసారి వచ్చేది సాధారణ రాజపత్రం. ఆగలేని సంగతులు అసాధారణంలో వస్తాయి. ప్రభుత్వానికి ఏదీ ఆగదు కాబట్టి అసాధారణమే నిత్యమై, సాధారణం అరుదైంది. విరోధాభాసాలంకారం.

సంక్షిప్త నామము = ‘కేంద్ర మోటారు వాహనాల (…… సవరణ) నియమాలు, 2025’. సంక్షిప్తమెట్లయ్యె నని అడగరాదు. మధ్యలోని చుక్కలు చూసి కొత్త చదువరులు గ్రంథపాతమనుకుంటారు, తాటాకును చెదలు తిన్నాయేమో అనుకుంటారు. అదేమీ కాదు. ఆ యేడు ఇది ఎన్నో సవరణ అవుతుందో తుది ప్రకటన నాటికి గాని తెలియదు కనుక ఖాళీ వదిలారు. ఆ చుక్కలు కనిపించాయంటే నియమం ఇంకా నియమం కాలేదని గుర్తు. వాట్సాప్‌లో ‘రేపటినుంచే కొత్త రూల్’ అని వచ్చే సందేశాలను ఈ ఒక్క గుర్తుతో పరీక్షించవచ్చు.

ప్రభావితులు కాగల సమస్త జనులు = మనం. అంటే బండి నడిపేవాళ్లు, వెనక కూచునేవాళ్లు, కొనిచ్చే తండ్రులు, అమ్మే డీలర్లు, హెల్మెట్లు చేసేవాళ్లు.

ఎరుక కొరకు = ఇక్కడ కాస్త ఆగాలి. సమస్త జనుల ఎరుక కోసమని వెలువడే కేంద్ర రాజపత్రం హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. 1963 నాటి అధికార భాషల చట్టం ఆ రెండే అడిగింది. పూర్వం ఊళ్లో దండోరా వేసేవాడు ఊరి భాషలోనే వేసేవాడు, ఏ చట్టమూ అడక్కపోయినా. ఈ ఎరుక అన్న మాట మీద 2020లో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఆ ఏడాది మార్చిలో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా వెలువడింది. గని తవ్వాలన్నా ఫ్యాక్టరీ పెట్టాలన్నా ముందుగా ఏ అనుమతులుండాలి, ఊరివాళ్ల మాట ఎప్పుడు వినాలి అన్నది దాని విషయం. ప్రజాభిప్రాయ సేకరణకు ఇచ్చే ముప్పై రోజుల నోటీసును ఇరవైకి తగ్గించాలన్నది అందులో ఒక ప్రతిపాదన. అభ్యంతరాలకు అరవై రోజులు గడువు. అప్పుడు దేశమంతా లాక్‌డౌన్. గడువు జూన్ 30కి పొడిగించారు, భాష మాత్రం ఆ రెండే. గని పక్కన ఊళ్లో ఉండేవాడికి ఎరుక ఎలా కలుగుతుందని ఒకరు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. జూన్ 30న కోర్టు గడువును ఆగస్టు 11 దాకా పెంచి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ పది రోజుల్లో అనువదించమంది. ఆ షెడ్యూలులో 22 భాషలున్నాయి, తెలుగు అందులో ఒకటని వేరే చెప్పక్కర్లేదు. కేంద్రం దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ముసాయిదా తుదిరూపం దాల్చలేదు. ఇప్పటికీ నడుస్తున్నది 2006 సెప్టెంబరు నాటి ప్రకటనే, సవరణల మీద సవరణలతో.

వ్యాఖ్యాత అభిప్రాయం: భాష మారినంత మాత్రాన ఎరుక కలగదు. పై మూలం తెలుగులోనే ఉంది. ఎంతమందికి తెలిసింది? సరళంగా చెప్పాలన్న బుద్ధి ప్రభుత్వానికి లేదనడం అన్యాయం. చట్టాల ముసాయిదాను కనీసం ముప్పై రోజులు జనం ముందుంచాలి, ముఖ్యాంశాలు సులువైన భాషలో వివరించే నోట్ జతచేయాలి అని 2014లో కేంద్రం ఒక విధానమే ప్రకటించింది. అయితే అది విధానం, చట్టం కాదు.

ప్రతులు అందుబాటులోనికి వచ్చిన తేదీ = 2015 అక్టోబరు 1 నుంచి రాజపత్రాన్ని కాగితం మీద అచ్చువేయడం ఆపేశారు. ఇప్పుడు ఉన్నది ఇంటర్నెట్‌లో పెట్టే ప్రతి ఒక్కటే. అది ఎక్కిన రోజే మొదటి రోజు. పోస్టాఫీసులో ఆలస్యమైంది, మా జిల్లాకు రాలేదు అనే పాత వాదాలు ఇక చెల్లవు.

పరిశీలనకు తీసికొనబడును = మూలమంతటికీ ఇదే ప్రాణం. ఎవరు తీసుకుంటారు? చెప్పలేదు. కర్మణి ప్రయోగానికి ఉన్న సుఖం అది, పని జరుగుతుంది, చేసినవాడు కనబడడు. ఈ మాట వెనక 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఉంది. దాని 23వ సెక్షను చెప్పే మర్యాద ఇది: ముందుగా ముసాయిదా ప్రచురించాలి, ఫలానా తేదీ తరువాత చూస్తామని నోటీసివ్వాలి, ఆ తేదీ లోపల వచ్చిన అభ్యంతరాలనూ సూచనలనూ పరిశీలించాలి. మోటారు వాహనాల చట్టం 212వ సెక్షను ఈ ముందస్తు ప్రచురణను తప్పనిసరి చేసింది. అంటే జనానికి చెప్పకుండా ఈ చట్టం కింద నియమం చేయడానికి వీల్లేదు. చాలామంది దీన్ని ప్రభుత్వం చేసే దయ అనుకుంటున్నారు. దయ కాదు, విధి.

ఆ విధి ఎంతవరకు? పరిశీలించడం వరకే. అంగీకరించాలని లేదు, ఉత్తరం రాసినవాడికి జవాబివ్వాలని 23వ సెక్షనులో లేదు. పైగా అదే సెక్షను చివర ఒక మెలిక ఉంది. ముందస్తు ప్రచురణ తరువాత చేసిన నియమమని చెప్పుకుంటూ రాజపత్రంలో వస్తే చాలు, ఆ పద్ధతి సక్రమంగా జరిగిందనడానికి ఆ ప్రచురణే నిర్ణాయక సాక్ష్యం. మేం విన్నామని వాళ్లే అంటారు, వాళ్లన్నారు కనుక విన్నట్టే. నైయాయికులు దీన్ని ఆత్మాశ్రయ దోషమంటారు, శాసనకర్తలు సౌకర్యమంటారు.

సూత్రము

ఇంతవరకు పీఠిక. అసలు సూత్రం ఇది: సవరణ నియమాలు అమల్లోకి వచ్చిన తేదీ నుంచి మూడు నెలల లోపల, ద్విచక్ర వాహనం కొనే సమయమున, తయారీదారు భారత ప్రమాణాల సంస్థ నిర్దేశములకు తగిన శిరస్త్రాణములు రెండు సరఫరా చేయవలెను.

శంక: ‘మూడు నెలల లోపల’ అన్నది దేనికి అన్వయిస్తుంది? మూడు నెలల్లోగా ఇవ్వడం మొదలుపెట్టాలనా, మూడు నెలలపాటు ఇచ్చి మానేయమనా? సమాధానం: మొదటిదే కవిహృదయం, పత్రికలూ అలాగే రాశాయి. కాని అక్షరాన్ని పట్టుకుని కూచుంటే నాలుగో నెలలో కొన్నవాడికి ఏమీ రాదు. దూరాన్వయం కావ్యంలో దోషం. శాసనంలో అది వకీళ్లకు జీవనాధారం.

శంక: ఇవ్వవలసినవాడు తయారీదారు. కొనేది డీలరు దగ్గర. షోరూములో తయారీదారు ఎప్పుడైనా కనబడ్డాడా? సమాధానం: కనబడడు. ఇవ్వలేదని అడిగితే డీలరు కంపెనీనీ, కంపెనీ డీలరునూ చూపించడానికి ఇక్కడ సందు ఉంది.

శంక: ఉచితమా? సమాధానం: సూత్రం ‘సరఫరా చేయవలెను’ అన్నది, ధర ఊసెత్తలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు గాని, ఎవరి పక్షాన అంగీకారమో బిల్లు చూశాక తెలుస్తుంది. నిజానికి ఒక హెల్మెట్ ఇవ్వాలన్న నియమం కొత్తది కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 138వ నియమంలో అది ముందునుంచే ఉంది. ఆ ఒకటి తమకు అందిందో లేదో, అందితే ఏ పద్దు కింద ఎంత పడిందో చదువరులు పాత బిల్లులు తిరగేసి చూసుకోవచ్చు. ఒకటి సరిగా అందని చోట రెండు ఇమ్మనడం ఆశావాదం. అలంకారం అతిశయోక్తి.

శంక: రెండే ఎందుకు? మన వీధుల్లో ముందు బుడ్డోడు నిలబడి, మధ్యలో పెద్దది ఇరుక్కుని, వెనక తల్లి సంచీతో కూచుంటుంది కదా! సమాధానం: మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం నడిపేవాడు కాక ఒక్కరే ఎక్కాలి. తక్కినవారు చట్టం కంటికి లేరు, లేనివారికి తలలుండవు. నాలుగేళ్లు దాటిన ప్రతివారూ హెల్మెట్ పెట్టుకోవాలని మాత్రం 129వ సెక్షను అంటుంది. పెట్టెలో వచ్చే రెండూ పెద్దవాళ్ల సైజువైతే అయిదేళ్ల పిల్ల సంగతేమిటని సూత్రం చెప్పదు.

అయితే = చట్టభాషలో ఈ మాట కనిపిస్తే జాగ్రత్తపడాలి. ముందు ఇచ్చినదాంట్లో కొంత ఇక్కడ వెనక్కి తీసుకుంటారు. ఈ ముసాయిదాలో 129వ సెక్షను మినహాయించినవారికి, ఉదాహరణకు తలపాగా ధరించిన సిక్కులకు, ఈ సరఫరా వర్తించదు. ఇది న్యాయమైన ‘అయితే’. అన్నీ ఇలా ఉండవు. ‘లోబడి’ అని ఉంటే ఇంకెక్కడో దీని పెద్దన్న ఉన్నాడని అర్థం. ‘ఏమి ఉన్నప్పటికీ’ అని మొదలైతే ఇదే పెద్దన్న.

తాత్పర్యము

కొత్త బండితో రెండు ఐఎస్ఐ హెల్మెట్లు ఇప్పించాలని 2025లో ప్రభుత్వం అనుకుంది. ఏమైనా చెప్పాలని ఉన్నవారిని ముప్పై రోజుల్లో చెప్పమంది. (మూలంలో ఇన్ని శాఖోపశాఖలుగా ఉన్నది ఇదే.)

ప్రయోగవిధి

అభ్యంతరం పంపవలసిన చోటు ముసాయిదాలోనే ఉంటుంది, ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని రవాణా భవన్ చిరునామా, పక్కనే ఈమెయిల్. అక్కడికి ‘ఈ నియమం చాలా బాగుంది’ అని రాసినా, ‘తక్షణం రద్దు చేయాలి’ అని రాసినా ఒకటే, పరిశీలించే గుమాస్తాకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నియమం అంకె వేసి, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో రాయాలి. ఉదాహరణకు, ఈ ముసాయిదా మీద గడువులోపల ఇలా రాసి ఉండవలసింది: ‘మూడు నెలల లోపల’ తీసి ‘మూడు నెలలు నిండిన నాటినుంచి’ అని పెట్టండి. ‘సరఫరా’కు ముందు ‘అదనపు ధర లేకుండా’ అని చేర్చండి. ‘రెండు’ తరువాత ‘కొనుగోలుదారు కోరిన కొలతలలో’ అని చేర్చండి. ‘తయారీదారు’ పక్కన ‘డీలరు ద్వారా’ అని రాసి, ఇవ్వకపోతే జవాబుదారీ ఎవరో చెప్పండి. కాగితం ఒక్క పేజీ దాటనక్కర్లేదు. చివరి రోజుకు ముందే చేరాలి. ఆ తరువాత చేరినదాన్ని పరిశీలించే విధిని పైన చెప్పిన 23వ సెక్షను పెట్టలేదు.

గద్య

ఇది శ్రీమద్భారత రాజపత్ర ద్వితీయభాగ తృతీయఖండ ప్రథమోపఖండ ప్రకటితంబును, హిందీ ఆంగ్లోభయ భాషా విరాజితంబును, త్రింశద్దినావధికంబును, నిర్ణాయకసాక్ష్య కవచధారియు నగు శిరస్త్రాణద్వయ ముసాయిదా యను మహాప్రబంధంబునకుఁ జలానాభంజని యను వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము.